భాగం 9 : వలస పక్షుల సంఖ్య ఎందుకు తగ్గుతుంది? – బొగ్గు బెల్టు ఉదాహరణతో

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు

• ఒక పక్షి జాతి జనాభాను పెంచే, తగ్గించే అంశాలను వివరించగలుగుతారు.
• ఒక చెరువులో పక్షులు తగ్గడానికీ, ఆ జాతి మొత్తంగా తగ్గడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• వలస పక్షి ఏడాది చక్రంలో ఏ దశలో నష్టం జరుగుతోందో తెలుసుకొనే పద్ధతులను చెప్పగలుగుతారు.
• రామగుండం – గోదావరిఖని ప్రాంతంలోని నీటి వనరులను, భూములను ఈ దృష్టితో పరిశీలించగలుగుతారు.

9.1 ప్రస్తావన

చలికాలంలో మన చెరువుల మీద వాలే సూదితోక బాతులు ఉత్తర ఆసియాలో పుట్టినవి. తల వెనుక రెండు నల్లచారలుండే బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు టిబెట్, మంగోలియా ప్రాంతాల్లోని సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వస్తుంది. జొన్న చేల మీద గుంపులుగా వాలే గులాబీ గోరింకలు మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి వస్తాయి. ఇలా మన దేశానికి వచ్చే నీటిపక్షుల్లో ఎక్కువ భాగం వాడే ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఇది 30 దేశాల మీదుగా సాగుతుంది.

ఈ పక్షులు తగ్గుతున్నాయా? 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక, దీర్ఘకాలపు ధోరణిని లెక్కించడానికి తగిన సమాచారం 338 జాతులకు ఉందని గుర్తించింది. వాటిలో 60 శాతం జాతులు తగ్గుముఖం పట్టాయి. ఇక్కడే ఏడాదంతా ఉండే పక్షుల కంటే దూరం నుంచి వచ్చే వలస పక్షుల్లో తగ్గుదల ఎక్కువగా కనిపించింది.

తగ్గుదల ఉందని తెలుసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఎందుకు తగ్గాయన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. కారణం సైబీరియాలో ఉంటే ఇక్కడ చెరువు బాగుచేసినంత మాత్రాన ఫలితం రాదు. కారణం ఇక్కడే ఉంటే, వాతావరణ మార్పు మీద నెపం వేసి మన చెరువును పోగొట్టుకుంటాం. ఈ భాగంలో ఆ కారణాన్ని వెతికే పద్ధతిని నేర్చుకుంటారు.

9.2 జనాభా జమాఖర్చు

ఏ జీవి జనాభా అయినా నాలుగు పద్దుల మీద ఆధారపడి ఉంటుంది. పుట్టుకలు, బయటి నుంచి వచ్చి చేరినవి జమ పద్దులు. మరణాలు, బయటికి వెళ్లిపోయినవి ఖర్చు పద్దులు. ఒక జాతి మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే రాకపోకలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. అప్పుడు మిగిలేవి రెండే: పుట్టుకలు, మరణాలు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక జాతిలో వసంత కాలం నాటికి 1000 పెద్ద పక్షులు, అంటే 500 జంటలు ఉన్నాయనుకోండి. జంటకు సగటున రెండు పిల్లలు గూడు విడిచి ఎగిరితే 1000 పిల్లలు. వాటిలో 30 శాతం మాత్రమే మొదటి ఏడాది గడిచి, తిరిగి గూడు కట్టే చోటికి చేరుతాయి. అంటే 300. పెద్దవాటిలో ఏడాదికి 30 శాతం చనిపోతే మిగిలేవి 700. రెండూ కలిపితే మళ్లీ 1000. ఈ జనాభా నిలకడగా ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఏటా 1000 పక్షులు (700 పిల్లలు, 300 పెద్దవి) చనిపోతున్నా జనాభా తగ్గడం లేదు. కాబట్టి చనిపోయిన పక్షులు కనిపించినంత మాత్రాన జాతి క్షీణిస్తోందని చెప్పలేం. జమకూ ఖర్చుకూ మధ్య సమతుల్యం చెడినప్పుడే జనాభా మారుతుంది.

9.3 ఒకే తగ్గుదల – మూడు కారణాలు

పై ఉదాహరణనే మూడు రకాలుగా మార్చి చూద్దాం.

మొదటి సందర్భం: గూళ్ల దగ్గర ఆహారం తగ్గి, జంటకు రెండు పిల్లలకు బదులు సగటున 1.6 మాత్రమే ఎగిరాయి. అంటే 800 పిల్లలు. వాటిలో 30 శాతం, అంటే 240 బతుకుతాయి. పెద్దవి 700. మొత్తం 940.

రెండో సందర్భం: పిల్లల సంఖ్య మారలేదు. చలికాలపు నెలవులో పెద్ద పక్షుల మరణాలు 30 శాతం నుంచి 36 శాతానికి పెరిగాయి. పెద్దవి 640, పిల్లలు 300. మొత్తం 940.

మూడో సందర్భం: పుట్టుకలు, మరణాలు దేనిలోనూ మార్పు లేదు. 1000 పక్షులూ ఉన్నాయి. కానీ వాటిలో 60 పక్షులు మనం లెక్కపెట్టే చెరువును వదిలి మరో జలాశయానికి వెళ్లాయి. మన లెక్కలో కనిపించేవి 940.

మూడు సందర్భాల్లోనూ మన పుస్తకంలో రాసుకునే అంకె ఒక్కటే. కారణాలు మాత్రం వేరు, పరిష్కారాలూ వేరు. మొదటిదానికి పరిష్కారం గూళ్లున్న దేశంలో ఉంది. రెండోదానికి ఇక్కడ ఉంది. మూడోదానిలో జాతికి నష్టం జరగనే లేదు.

ఇందులో మరో చిక్కు ఉంది. ఏడాదికి ఆరు శాతం తగ్గుదల కంటికి ఆనదు. అదే వేగంతో పదేళ్లు తగ్గితే 1000 పక్షులు సుమారు 539కి చేరుతాయి. ఎవరూ గమనించకుండానే దాదాపు సగం పోతాయి.

మరి ఈ మూడింటినీ విడదీయడం ఎలా?

(అ) పిల్లల నిష్పత్తి: గుంపులో పిల్ల పక్షులు ఎన్ని, పెద్దవి ఎన్ని అని లెక్కించడం. బార్‌హెడెడ్ గూస్ పిల్లలకు మొదటి చలికాలంలో తలమీద ఆ రెండు నల్లచారలు ఉండవు. కాబట్టి దూరదర్శినితో చూసి గుర్తుపట్టవచ్చు. పిల్లల నిష్పత్తి ఏటా పడిపోతుంటే నష్టం గూళ్ల దగ్గరో, లేదా అవి తొలిసారి ప్రయాణించిన దారిలోనో జరుగుతోందని అర్థం. నిష్పత్తి మారకుండా మొత్తం సంఖ్య తగ్గుతుంటే పెద్ద పక్షుల మరణాలను అనుమానించాలి.

(ఆ) కాలి ఉంగరాలు, ట్రాన్స్‌మిటర్లు: పక్షి కాలికి అంకె ఉన్న ఉంగరం తొడిగి వదిలితే, తరువాతి ఏళ్లలో ఎన్ని తిరిగి కనిపించాయో చూసి మనుగడ రేటును అంచనా వేయవచ్చు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పనిని దశాబ్దాలుగా చేస్తోంది. ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ అయితే పక్షి ఎక్కడ చనిపోయిందో కూడా చెప్పగలదు.

(ఇ) ఒకేసారి అనేక చోట్ల లెక్క: ఒక్క చెరువు కాకుండా ఆ ప్రాంతంలోని నీటి వనరులన్నింటినీ ఒకే వారంలో లెక్కిస్తే పక్షులు స్థలం మారాయా, నిజంగా తగ్గాయా అన్నది తెలుస్తుంది. 1987లో మొదలైన ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ ఏటా జనవరిలో ఇదే పద్ధతిలో సాగుతుంది.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి – 1

1. ఏటా అనేక పక్షులు చనిపోతున్నా జనాభా నిలకడగా ఎలా ఉండగలదు?
2. ఒక పెద్ద చెరువులో బాతులు ఏడాదిలో 400 నుంచి 650కి పెరిగాయి. అదే సమయంలో చుట్టుపక్కల ఐదు కుంటల్లో కలిపి 500 నుంచి 150కి తగ్గాయి. ఈ అంకెలు (ఊహాత్మకం) ఏం చెబుతున్నాయి?

9.4 ఏడాది చక్రంలో దెబ్బ ఎక్కడ తగులుతుంది?

వలస పక్షికి ఇల్లు ఒకటి కాదు. గూడు కట్టే చోటు, మధ్యలో ఆగే మజిలీలు, చలికాలపు నెలవు – మూడూ బాగుంటేనే అది బతుకుతుంది. ఏ ఒక్కటి చెడినా జనాభాను అదే కట్టడి చేస్తుంది. ప్రతి దశకూ ప్రపంచంలో రుజువైన ఉదాహరణలు ఉన్నాయి.

9.4.1 గూడు కట్టే చోటు

పైడ్ ఫ్లైకాచర్ అనే చిన్న పిట్ట ఆఫ్రికాలో చలికాలం గడిపి, వసంతంలో యూరప్ చేరుతుంది. పిల్లలకు గొంగళిపురుగులు పెడుతుంది. వసంతం వెచ్చబడటంతో గొంగళిపురుగులు ముందుగా వచ్చి ముందుగానే అయిపోతున్నాయి. పిట్ట మాత్రం దాదాపు పాత సమయానికే వస్తోంది. నెదర్లాండ్స్‌లో 1987–2003 మధ్య చేసిన పరిశీలనలో, పురుగులు మరీ ముందుగా వచ్చే అడవుల్లో ఈ పిట్టలు సుమారు 90 శాతం తగ్గాయి. పురుగులు ఆలస్యంగా వచ్చే చోట్ల తగ్గుదల 10 శాతం మేరకే ఉంది. పుట్టుకల పద్దు దెబ్బతినడానికి ఇది మంచి ఉదాహరణ.

9.4.2 దారిలోని మజిలీలు

నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర 2012లో అమూర్ డేగలను వలలు కట్టి లక్షకు పైగా పట్టి చంపినట్లు అంచనా. రష్యా, చైనా సరిహద్దు ప్రాంతాల్లో పుట్టి దక్షిణ ఆఫ్రికాకు వెళ్లే ఈ పక్షులు అక్కడ కొన్ని వారాలు మాత్రమే ఆగుతాయి. ఖండమంతటా చెల్లాచెదురుగా ఉండే పక్షులు ఒకే చోట పోగవుతాయి కాబట్టి, ఆ కొద్ది రోజుల వేట జాతి మొత్తాన్ని దెబ్బతీయగలదు. గ్రామ సభలు, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేయడంతో 2013 నాటికే అక్కడ వేట ఆగిపోయింది. కారణం స్పష్టంగా తెలిసినప్పుడు పరిష్కారం ఎంత త్వరగా వస్తుందో కూడా ఇది చెబుతుంది.

9.4.3 చలికాలపు నెలవు

బ్రిటన్‌లో గూడు కట్టే వైట్‌త్రోట్ అనే పిట్టలు 1969 వసంతంలో అంతకు ముందు ఏడాది సంఖ్యలో నాలుగో వంతు కూడా తిరిగి రాలేదు. బ్రిటన్‌లో పొదలు, పురుగులు ఎప్పటిలాగే ఉన్నాయి. అవి చలికాలం గడిపే ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో వానలు పడకపోవడమే కారణమని తరువాత తేలింది.

మరో ఉదాహరణ మన రైతులకు దగ్గరగా ఉంటుంది. ఉత్తర అమెరికాలో గూడు కట్టే స్వెయిన్‌సన్ గద్దల్లో చాలా పక్షులు తిరిగి రాకపోవడాన్ని గమనించిన శాస్త్రవేత్తలు, వాటికి ట్రాన్స్‌మిటర్లు కట్టి అర్జెంటీనా వరకు వెంబడించారు. 1995–96లో అక్కడి పొలాల్లో వేల గద్దలు చనిపోయి కనిపించాయి. మిడతల మీద చల్లిన మందు వాటిని తిన్న గద్దలను కూడా చంపింది. ఆ మందు మోనోక్రోటోఫాస్. మన పత్తి చేలలో ఆ పేరు తెలియని రైతు ఉండడు.

9.4.4 ఒక కాలపు ప్రభావం మరో కాలంలో

కొన్నిసార్లు చలికాలపు కరువు పక్షిని చంపదు, బలహీనపరుస్తుంది. అమెరికన్ రెడ్‌స్టార్ట్ అనే పిట్టల్లో జమైకాలోని తడి మడ అడవుల్లో చలికాలం గడిపినవి త్వరగా కొవ్వు పట్టి ముందుగా బయలుదేరుతాయి. ఎండు పొదల్లో గడిపినవి చిక్కిపోయి ఆలస్యంగా ఉత్తరం చేరుతాయి. ఆలస్యంగా చేరినవాటికి పిల్లలు తక్కువ. అంటే జూన్ నెలలో గూట్లో పిల్లలు తగ్గడానికి కారణం జనవరి నెలలో, వేల కిలోమీటర్ల దూరాన ఉండవచ్చు. పిల్లల నిష్పత్తి తగ్గగానే తప్పంతా గూడు కట్టే దేశానిదే అని తేల్చేయకూడదని గుర్తుంచుకోండి.

9.5 ‘పక్షులు వేరే చోటికి వెళ్తాయి’ అనే వాదన

కొత్త గని, కర్మాగారం లేదా ఆనకట్ట ప్రతిపాదించినప్పుడు చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అక్కడ తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘పక్షులకు రెక్కలున్నాయి, పక్క చెరువుకు వెళ్తాయి.’ ఈ మాట నిజమా కాదా అని పరీక్షించిన ఒక సందర్భం ఉంది. యాదృచ్ఛికమే అయినా అది కూడా బొగ్గుతో ఎదిగిన ఊరే.

బ్రిటన్‌లోని కార్డిఫ్ ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద బొగ్గు ఎగుమతి రేవుల్లో ఒకటి. బొగ్గు వ్యాపారం పోయాక ఊరిని బాగుచేయడానికి అక్కడి అఖాతానికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. 1999 నవంబరులో అది మూసుకోగానే సముద్రపు పోటుపాట్లతో తేలే బురద నేలలన్నీ శాశ్వతంగా మంచినీటి కింద మునిగాయి. ఆ బురదలో పురుగులు ఏరుకుని చలికాలం గడిపే రెడ్‌షాంక్ అనే ఎర్రకాళ్ల ఉల్లంకి పిట్టలకు ముందే రంగు ఉంగరాలు తొడిగారు.

అనుకున్నట్లే పక్షులు దగ్గరలోని రిమ్నీ నది ముఖద్వారానికి వెళ్లాయి. కానీ అక్కడ అప్పటికే పక్షులున్నాయి. కొత్తగా వచ్చినవి బరువు తగ్గాయి. అంతకు ముందు ఏడాదికి 100లో సుమారు 85 పెద్ద పక్షులు బతికితే, తరువాత సుమారు 78 మాత్రమే బతికాయి. 9.3లోని రెండో సందర్భాన్ని గుర్తు చేసుకోండి. మరణాల్లో ఏడు శాతం తేడా చాలు, జమాఖర్చు తలకిందులు కావడానికి.

కాబట్టి ‘వేరే చోటికి వెళ్తాయి’ అన్నది సగం నిజం. వెళ్తాయి. వెళ్లాక బతుకుతాయా అన్నది ఆ రెండో చోటు ఎంత ఖాళీగా ఉంది, అక్కడ ఎంత తిండి ఉంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. గుంపు పెరిగేకొద్దీ ఒక్కో పక్షికి దక్కే తిండి తగ్గి, మరణాలు పెరగడాన్ని సాంద్రతాధారిత ప్రభావం అంటారు.

దీనికి సంబంధించినదే మరో సూత్రం. పక్షులు ముందుగా మంచి తావులను నింపుతాయి, మిగిలినవి నాసి తావులకు సర్దుకుంటాయి. జనాభా తగ్గేటప్పుడు ముందుగా ఖాళీ అయ్యేవి సాధారణంగా నాసి తావులే. అందువల్ల పేరున్న పెద్ద జలాశయంలో పక్షులు నిండుగా కనిపిస్తున్నా, జాతి తగ్గుతూ ఉండవచ్చు.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి – 2

3. కార్డిఫ్ ఉదాహరణలో పక్షులు మరోచోటికి వెళ్లగలిగినా మరణాలు ఎందుకు పెరిగాయి?

9.6 రామగుండం – గోదావరిఖని ప్రాంతం

ఇప్పటివరకు నేర్చుకున్నదాన్ని సింగరేణి బెల్టుకు అన్వయిద్దాం. మీలో చాలామంది చూసిన స్థలాలే ఇవి.

9.6.1 నీరు పెరిగితే నెలవు పెరిగినట్లేనా?

ఈ ప్రాంతంలో గత కొన్ని దశాబ్దాల్లో నీటి విస్తీర్ణం బాగా పెరిగింది. ఎన్టీపీసీ జలాశయం, సుమారు 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం, బొగ్గు తీసిన తరువాత నీరు చేరిన ఓపెన్‌కాస్ట్ గుంతలు, వీటికి తోడు పాత చెరువులు, కుంటలు ఉన్నాయి. కానీ పక్షికి కావలసింది నీటి విస్తీర్ణం కాదు, తగినంత లోతు.

సూదితోక బాతు తల నీటిలో ముంచి, తోక పైకెత్తి అడుగున ఉన్న గింజలు, నాచు తింటుంది. దాని మెడకు అందే లోతులోనే అది మేయగలదు. ఉల్లంకి పిట్టలకు తడి బురద కావాలి. పెద్దబాతులకు ఒడ్డున లేత గడ్డి, పక్కన చేలు కావాలి. చెరువు నీరు తగ్గేకొద్దీ శిఖం భూమి కొద్దికొద్దిగా బయటపడుతూ, చలికాలమంతా ఈ మూడూ అందిస్తుంది. ఓపెన్‌కాస్ట్ గుంత అంచు నిటారుగా ఉంటుంది. దానిలో ఎంత నీరున్నా మేత నేల తక్కువ. కాబట్టి ఒక కుంటను కోల్పోయి, దానికి పదింతల గుంతను పొందినా పక్షికి లాభం లేకపోవచ్చు.

9.6.2 గోదావరి చెప్పే పాఠం

గోదావరిఖనికి దిగువన సుందిళ్ల బ్యారేజీ 2019లో వినియోగంలోకి వచ్చాక, అంతకు ముందు ఎండాకాలానికి ఇసుక మేటలు తేలే నదిలో వెనుక జలాలు నిలిచాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన తరువాత మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల మూడింటిలోనూ నీరు నిలపడం ఆగింది. నది మళ్లీ ఇసుక మేటల నది అయింది.

ఇప్పుడు ఒక విద్యార్థి ఈ ఒడ్డున 2018, 2021, 2024 జనవరుల్లో పక్షులను లెక్కపెట్టాడనుకోండి. మూడుసార్లూ వేర్వేరు జాతులు, వేర్వేరు సంఖ్యలు రావడం సహజం. లోతు నీరున్నప్పుడు మునిగి వేటాడే పక్షులు, ఇసుక తేలినప్పుడు ఒడ్డు పక్షులు ఎక్కువగా ఉంటాయి. ఆ అంకెలు ఆసియా ఖండపు పక్షుల గురించి కంటే బ్యారేజీ గేట్ల గురించే ఎక్కువ చెబుతాయి. అందుకే లెక్కతో పాటు నీటిమట్టాన్ని రాయకపోతే ఆ లెక్క నిరుపయోగమవుతుంది.

9.6.3 నేల

వలస పక్షులన్నీ నీటి పక్షులు కావు. గడ్డిభూముల మీద తక్కువ ఎత్తులో తేలుతూ ఎలుకలు, మిడతలు పట్టే పిల్లిగద్దలు మధ్య ఆసియా నుంచి వస్తాయి. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు గడ్డిభూమి వాటి రాత్రి బసకు పేరుపొందింది. దేశంలో సుమారు 30 ఏళ్లపాటు సాగిన రాత్రి బసల లెక్కలు వాటి తగ్గుదలను సూచించాయి.

బొగ్గు బెల్టులో గడ్డి నేలలు, జొన్న చేలు రెండు రకాలుగా తగ్గాయి. కొంత ఓపెన్‌కాస్ట్ గనుల కిందికి, ఓబీ గుట్టల కిందికి పోయింది. మరికొంత పత్తి, వరి సాగులోకి మారింది. ఓబీ గుట్టల మీద మొక్కలు నాటడం నేల కోతను, దుమ్మును ఆపడానికి అవసరమే. అయితే దట్టమైన చెట్లతోట పిల్లిగద్దకు గడ్డిభూమి కాదు. పచ్చదనం పెరగడం, పోయిన నెలవు తిరిగి రావడం వేర్వేరు విషయాలు. అలాగే యాసంగి జొన్న తగ్గితే గులాబీ గోరింకల గుంపులు ఆ ఊరికి రావడం తగ్గుతుంది. ఆ జాతి గూళ్లు మాత్రం మధ్య ఆసియాలోని మిడతల దండుల మీద ఆధారపడి ఉంటాయి. ఇక్కడి జొన్న, అక్కడి మిడత – రెండింటినీ చూడకుండా తీర్పు చెప్పలేం.

9.7 మీరు చేయగల లెక్క

మీ ఊరి దగ్గర ఒక పెద్ద జలాశయం, మూడు నాలుగు చిన్న కుంటలు ఎంచుకోండి. ఏటా జనవరిలో ఒకే వారంలో, ఉదయం ఒకే సమయంలో, ఒకే ఒడ్డు నుంచి లెక్కించండి. ఈ అంశాలు నమోదు చేయండి:

1. తేదీ, సమయం, పట్టిన నిమిషాలు, లెక్కించినవారి సంఖ్య.
2. జాతివారీగా సంఖ్య. గుర్తుపట్టలేనివాటిని ‘గుర్తించని బాతులు’ అనే రాయండి.
3. పెద్దబాతుల గుంపులో చారలు లేని పిల్లల సంఖ్య.
4. నీటిమట్టం, తేలిన బురద నేల, చుట్టూ ఉన్న పంట.
5. పక్షులు లేకపోతే సున్న.

చివరిది చాలామంది వదిలేస్తారు. పక్షులున్న చోట్లే రాసి, లేని కుంటలను వదిలేస్తే తగ్గుదల ఎప్పటికీ బయటపడదు. కుంటలు ఖాళీ అవుతున్నాయన్న సమాచారం ఆ సున్నలలోనే ఉంటుంది. ఇలాంటి పదేళ్ల లెక్క ఉన్న ఊరివాళ్లు ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పే మాటకు బలం ఉంటుంది. అది లేకపోతే ‘వేరే చోటికి వెళ్తాయి’ అన్న మాటకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

9.8 సారాంశం

వలస పక్షుల జనాభా పుట్టుకలు, మరణాల తేడాను బట్టి మారుతుంది. గూడు కట్టే చోట ఆహారం సమయానికి అందకపోవడం, మజిలీల దగ్గర వేట, చలికాలపు నెలవులో కరువు, పురుగుమందులు, మేత నేలల నష్టం ముఖ్య కారణాలు. ఒక కాలపు నష్టం మరో కాలంలో బయటపడవచ్చు. ఒక్క చెరువు లెక్క జాతి స్థితిని చెప్పదు. పక్షులు స్థలం మారితే నష్టం లేదనుకోవడం కూడా సరికాదు. పిల్లల నిష్పత్తి, ఉంగరాలు, ఒకేసారి అనేక చోట్ల లెక్క – వీటిని కలిపి చూసినప్పుడే కారణం తెలుస్తుంది. వలస జంతువుల రక్షణకు 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒప్పందంలో భారతదేశం 1983 నుంచి భాగస్వామి. దేశాల మధ్య ఒప్పందాలు ఫలించాలంటే ప్రతి నెలవు దగ్గరా నమ్మదగిన లెక్క ఉండాలి.

9.9 మాదిరి జవాబులు

1. చనిపోయిన పెద్ద పక్షుల స్థానాన్ని ఏడాది గడిచి బతికిన పిల్లలు భర్తీ చేస్తే జనాభా నిలకడగా ఉంటుంది.
2. మొత్తం 900 నుంచి 800కి, అంటే సుమారు 11 శాతం తగ్గింది. పెద్ద చెరువును మాత్రమే చూస్తే పెరిగినట్లు కనిపిస్తుంది. కుంటల నుంచి కొన్ని పక్షులు పెద్ద చెరువుకు మారి ఉండవచ్చు. మిగిలిన 100 ఏమయ్యాయో చెప్పడానికి మరిన్ని చోట్ల, మరిన్ని ఏళ్ల లెక్క కావాలి.
3. వెళ్లిన చోట అప్పటికే పక్షులున్నందువల్ల ఒక్కో పక్షికి దక్కే తిండి తగ్గింది. బరువు తగ్గి మనుగడ రేటు పడిపోయింది.

9.10 పదకోశం

మనుగడ రేటు : ఒక కాలవ్యవధిలో బతికి ఉన్నవాటి శాతం.
మజిలీ : వలస దారిలో పక్షులు ఆగి మేత మేసే చోటు.
నెలవు : ఒక జీవి బతకడానికి కావలసిన పరిస్థితులున్న చోటు.
సాంద్రతాధారిత ప్రభావం : గుంపు సాంద్రతతో పాటు మారే పుట్టుకలు లేదా మరణాల రేటు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వలస పక్షుల ఏడాది చక్రంలోని వివిధ దశల్లో జనాభాను తగ్గించే కారకాలను ఉదాహరణలతో వివరించండి.
2. ఓపెన్‌కాస్ట్ గనులు, జలాశయాలు వలస పక్షుల నెలవులపై చూపే ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. పిల్లల నిష్పత్తి వల్ల ఏం తెలుస్తుంది? దాని పరిమితి ఏమిటి?
2. పక్షుల లెక్కలో సున్నను నమోదు చేయడం ఎందుకు అవసరం?